టబ్బీ హేయ్స్ సాక్సోఫోన్, స్కాట్స్ క్లబ్‌లో రెండు రాత్రులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో జాజ్ గురించి రాస్తూ, బ్రిటిష్ సాక్సోఫోన్ వాద్యకారుడు టబ్బీ హేయ్స్ 1962లో లండన్‌లోని రోనీ స్కాట్స్ క్లబ్‌లో వాయించిన ‘లేట్ స్పాట్ ఎట్ స్కాట్స్’ అనే లైవ్ రికార్డు తప్పక వినమని రెండు ముక్కలు రాశాం. మిగతా వ్యాసం ఎవరికీ పట్టినట్టు లేదు, ఉత్తరాలన్నీ ఆ రెండు ముక్కల మీదే. సరే, ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే.

ప్రశ్న: జాజ్ అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం కదండీ. లండన్ తెల్లవాడు వాయించింది వినమంటారేంటి? అసలు ఉండగా నకలెందుకు? – గుంటూరు పాఠకుడు

మొదటి మాటలో మీతో గొడవ లేదు. జాజ్ వాళ్లదే. హేయ్స్ కూడా కాదనడు, ఆయన నేర్చుకున్నదే చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ అనే అమెరికా జాజ్ దిగ్గజాల రికార్డులు విని. గొడవ ‘నకలు’ దగ్గరే.

ఆయన అసలు పేరు ఎడ్వర్డ్ బ్రయాన్ హేయ్స్. 1935 జనవరి 30న లండన్‌లో పుట్టాడు. తండ్రి బీబీసీలో వయొలిన్ వాయించేవాడు కాబట్టి ఇంట్లో వాయిద్యాలకు కరువు లేదు. ఎనిమిదేళ్లకు వయొలిన్, తర్వాత పియానో, పదకొండు పన్నెండేళ్ల వయసులో టెనర్ సాక్సోఫోన్ పట్టుకున్నాడు. పదిహేనేళ్లకు వాయించి డబ్బు సంపాదిస్తున్నాడు. ఆ రోజుల్లోనే ఒక క్లబ్‌లో రోనీ స్కాట్ వాయిస్తుంటే ఈ బొద్దు పిల్లాడు వచ్చి నేనూ వాయిస్తానన్నాడట. స్కాట్ అప్పటికే లండన్‌లో పేరున్న టెనర్ వాద్యకారుడు. పాపం పిల్లాడు కదా అని మరీ వేగం లేని పాట ఒకటి ఎంచాడట, తీరా వాడు వాయించడం మొదలెట్టాక తనకు భయమేసిందని స్కాట్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఈ కథలో ఎంత ఉప్పూకారం చేరిందో గానీ, కొన్నేళ్లకు ఆ ఇద్దరూ కలిసి ‘జాజ్ కొరియర్స్’ అని బ్యాండ్ పెట్టడం మాత్రం చరిత్రే. 1957 నుంచి 1959 దాకా నడిచింది.

ఇంకో విషయం. బ్రిటిష్ జాజ్ అంటే తెల్లవాళ్లు మాత్రమే అనుకోకండి. ఆ కాలపు లండన్‌లో జమైకా నుంచి వచ్చిన ఆల్టో సాక్సోఫోన్ వాద్యకారుడు జో హారియట్ ఉన్నాడు, ట్రంపెట్ వాయించే డిజ్జీ రీస్ ఉన్నాడు. రీస్ 1958లో అమెరికాలోని బ్లూ నోట్ కంపెనీకి చేసిన ‘బ్లూస్ ఇన్ ట్రినిటీ’లో టెనర్ మన హేయ్స్‌దే. డ్రమ్స్ మీద ఆర్ట్ టేలర్, రెండో ట్రంపెట్ డొనాల్డ్ బర్డ్, ఇద్దరూ అమెరికావాళ్లే. అది విని వాళ్లలో ఎవరు ఎక్కడివారో చెప్పండి చూద్దాం.

ప్రశ్న: స్టూడియోలో శుభ్రంగా చేసిన రికార్డులు ఇన్ని ఉండగా లైవ్ రికార్డుతోనే ఎందుకు మొదలుపెట్టమన్నారు? విన్నాను. జనం మాటలూ, గ్లాసుల చప్పుడూ మధ్యలో అడ్డం వస్తాయేమోనని టెన్షన్ పడ్డాను గానీ అంత లేదు. అయినా తేడా ఏమిటో చెప్పండి. – విశాఖపట్నం పాఠకురాలు

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

ముందు ఆ గది గురించి. రోనీ స్కాట్, అతని స్నేహితుడు పీట్ కింగ్ (ఇతనూ ఒకప్పుడు సాక్సోఫోన్ వాయించినవాడే) కలిసి 1959 అక్టోబర్ 30న సోహోలో, 39 జెరార్డ్ స్ట్రీట్‌లో, నేలమాళిగలో క్లబ్ తెరిచారు. అంతకుముందు అది టాక్సీ డ్రైవర్లు టీ తాగుతూ కాసేపు కూర్చునే చోటు. మొదటి రాత్రి వాయించినవాళ్లలో హేయ్స్ క్వార్టెట్ (నలుగురి బ్యాండ్) ఉంది. అంటే ఆ క్లబ్ ఆయనకు వెళ్లి వాయించి వచ్చే చోటు మాత్రమే కాదు, మొదటి రోజు నుంచీ ఉన్న సొంత గడ్డ. ఎక్కడ నిలబడితే శబ్దం ఎటు పోతుందో, ఏ పాటకు ఏ మూల నుంచి కేక వస్తుందో తెలిసిన చోటు.

1962 మే 17, 18 తేదీల్లో ఫాంటానా రికార్డు కంపెనీ అక్కడికి రికార్డింగ్ సామాను తీసుకొచ్చింది. ఐదుగురి బ్యాండ్: ట్రంపెట్ మీద స్కాట్లండ్‌ వాడు జిమ్మీ డ్యూకార్, పియానో గోర్డన్ బెక్, డబుల్ బేస్ ఫ్రెడ్డీ లోగన్, డ్రమ్స్ అలన్ గాన్లీ. హేయ్స్‌కు అప్పుడు ఇరవై ఏడేళ్లు. ఆ రెండు రాత్రుల్లో వాయించిన దాంట్లోంచి రెండు ఎల్పీలు వచ్చాయి. ఒకటి ‘లేట్ స్పాట్ ఎట్ స్కాట్స్’, రెండోది ‘డౌన్ ఇన్ ది విలేజ్’. రెండూ కలిపి ఒకే కచేరీగా వినడం మంచిదని నా అభిప్రాయం, రెండు ఆల్బమ్‌లుగా విడదీయడం కంపెనీ లెక్క మాత్రమే.

ఇక తేడా. స్టూడియోలో హేయ్స్‌కు ఒక ఇబ్బంది ఉంది, మంచి ఇబ్బందే అనుకోండి. ఆయన చేతికి అన్నీ వస్తాయి. ఎంత వేగమైనా వాయిస్తాడు, ఎక్కడా తడబడడు, స్వరం తర్వాత స్వరం ధారగా పోస్తూనే ఉంటాడు. నిశ్శబ్దంగా ఉన్న స్టూడియోలో అది కొన్నిసార్లు ‘ఇదిగో చూడండి నేనెంత వాయించగలనో’ అన్నట్టు వినిపిస్తుంది, ఆయన అభిమానులకు కోపం వచ్చినా సరే. క్లబ్‌లో అదే ధారకు ఎదురుగా మనుషులున్నారు. ఆయన ఒక మాట అంటే వాళ్లు ఒక శబ్దం చేస్తారు, దాన్ని పట్టుకుని ఇంకో రెండడుగులు ముందుకేస్తాడు. సోలో ముగించేద్దామనుకున్న చోట ముగించడు. వెనక గాన్లీ డ్రమ్స్ మీద ఒక దెబ్బ గట్టిగా వేస్తే అక్కడి నుంచి దారి మళ్లుతుంది. ఆ అతి కూడా అక్కడ అర్థవంతంగా ఉంటుంది. అవును, ఎక్కువ స్వరాలే వాయిస్తాడు. ఆ గదికి అన్నీ కావాలి.

‘హాఫ్ ఎ సాబక్’ అనే ఆయన సొంత ట్యూన్‌తో మొదలుపెట్టి వినండి. టెనర్, ట్రంపెట్ రెండూ కలిసి ట్యూన్ చెబుతాయి, ఆ కాలపు అమెరికా హార్డ్ బాప్ (దూకుడుగా సాగే ఒక జాజ్ శైలి) బ్యాండ్ల పద్ధతే. డ్యూకార్ ముందుకు దూకే మనిషి కాదు, తీర్చి వాయిస్తాడు. పక్కన అలాంటివాడు ఉండబట్టే హేయ్స్ దూకుడు ఇంకా బాగా తెలుస్తుంది. చివర్లో ‘యే!’ అని ఒకటుంది, అది హోరేస్ సిల్వర్ ట్యూన్. మధ్యలో ‘ఏంజెల్ ఐస్’, గెర్ష్విన్ ఒపెరా నుంచి ‘మై మ్యాన్స్ గాన్ నౌ’ లాంటి నెమ్మది పాటలు. ఎప్పుడూ వేగమే వాయిస్తాడన్న పేరుంది గానీ ఈ నెమ్మది పాటలు విన్నాక ఆ మాట అనలేం.

రెండో ఎల్పీలో ఆయన వైబ్రాఫోన్ కూడా వినండి. లోహపు పట్టీల మీద కర్రలతో వాయించే వాయిద్యం అది, 1956 చివర్లో నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఫ్లూట్ కూడా పట్టాడు. నన్నడిగితే టెనర్ దగ్గరే ఆయన సొంత గొంతు ఉంది, మిగతావి చేతి దురదకి వాయించినవి. వైబ్రాఫోన్ అభిమానులు నన్ను తిట్టుకోవచ్చు.

ప్రశ్న: ఇదంతా ముందే రాసి పెట్టుకుని వాయిస్తారా, అప్పటికప్పుడు పుడుతుందా? నాకు కర్ణాటక సంగీతం కొంచెం తెలుసు, జాజ్ అస్సలు తెలియదు. – తెనాలి పాఠకురాలు

మీకు సగం తెలిసినట్టే. కచేరీలో కృతి పాడి, ఒక చోట ఆగి నెరవు, ఆపైన కల్పనస్వరాలు, తర్వాత మృదంగానికి తని, చివర మళ్లీ పల్లవి అందుకోవడం ఉంటుంది కదా. ఇక్కడ కూడా ముందు అందరూ కలిసి ట్యూన్ వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరు అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు, చివర్లో డ్రమ్స్‌కు వాటా ఇస్తారు, మళ్లీ ట్యూన్‌తో ముగిస్తారు. తాళం తిరిగి తిరిగి వచ్చినట్టే ఇక్కడ పాట నిర్మాణం మొత్తం తిరిగి తిరిగి వస్తుంది. దాన్ని కోరస్ అంటారు.

తేడా ఎక్కడంటే, మనకు రాగం ఒకటే ఉంటుంది, దాని లోపలికి ఎంత దూరం పోతారన్నది విద్య. వీళ్లకు కింద పియానో మీద కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుతూ ఉంటాయి, ఒక్కోసారి ప్రతి రెండు బీట్లకూ (తాళపు దెబ్బలకూ) మారతాయి. మారిన ప్రతిసారీ వాయించేవాడి స్వరాల ఎంపిక కూడా మారాలి. మామూలుగా ఒక పాట 32 బార్లు (బార్ అంటే మన ఆవర్తనం లాంటిది), బార్‌కి 4 బీట్లు, అంటే 128 బీట్లు. నిమిషానికి 240 బీట్ల వేగంలో మొత్తం కోరస్ 32 సెకన్లలో అయిపోతుంది. ఆ 32 సెకన్లలో పాట కార్డ్స్ అన్నీ దాటుకుంటూ, పైగా బీట్‌కి రెండేసి, ఒక్కోసారి నాలుగేసి స్వరాలు వేస్తూ, అది లెక్కల పట్టికలా కాకుండా పాటలా వినిపించాలి. హేయ్స్ ఇలాంటి కోరస్‌లు ఒకదాని మీద ఒకటి వాయించుకుంటూ పోతాడు, ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో అర్థం కాదు.

వినేటప్పుడు ఒక పని చేయండి. మొదట్లో వాయించిన ట్యూన్‌ని మనసులో పాడుకుంటూ సోలో వినండి. రెండూ ఒకేచోట మొదలై ఒకేచోట ముగుస్తాయి. ఆ పట్టు దొరికాక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: నాకైతే అంతా గోల. ఇది సంగీతమేనా? – కరీంనగర్ పాఠకుడు

సంగీతమే. ‘ఏంజెల్ ఐస్’ ఒక్కటీ వినండి, అప్పటికీ గోలే అంటే వదిలేయండి, ఇళయరాజా ఎక్కడికీ పోలేదు.

ప్రశ్న: ఇంత గొప్పవాడైతే అమెరికాలో ఎందుకు పేరు రాలేదు? – హైదరాబాద్‌లో ఎం.ఏ. చదువుతున్న పాఠకుడు

అసలు పేరు రాలేదనడం పూర్తిగా నిజం కాదు, కానీ మీరడిగిన దాని వెనక పెద్ద కథ ఉంది, కార్మిక సంఘాల కథ.

1930ల నడుమ నుంచి అమెరికా బ్యాండ్లు బ్రిటన్‌లో వాయించడానికి దాదాపు దారి మూసుకుపోయింది. బ్రిటన్ మ్యూజిషియన్స్ యూనియన్, అమెరికా సంగీతకారుల ఫెడరేషన్ మధ్య తగాదా. మావాళ్లను మీరు రానివ్వకపోతే మీవాళ్లను మేమెందుకు రానివ్వాలన్నది వాదం. బ్రిటన్ కార్మిక శాఖ పర్మిట్లు ఇవ్వడం మానేసింది. దాంతో ఇరవై ఏళ్ల పాటు లండన్ కుర్రాళ్లు పార్కర్‌ని రికార్డుల్లో వినడమే తప్ప ఎదురుగా వినలేకపోయారు. చాలామంది అట్లాంటిక్ దాటే ఓడల్లో డాన్స్ బ్యాండ్లలో ఉద్యోగం సంపాదించి, ఓడ న్యూయార్క్‌లో ఆగిన రాత్రుల్లో 52వ వీధి క్లబ్బులకు పరిగెత్తేవాళ్లు. రోనీ స్కాట్ అలా వెళ్లి విన్నవాడే.

1956 నుంచి కొంచెం సడలింది, బ్యాండ్‌కు బ్యాండ్ చొప్పున మార్పిడి మీద. క్లబ్బుల్లో వాయించే ఒంటరి వాద్యకారుల విషయంలో మాత్రం 1961 దాకా ఏమీ కదల్లేదు. అప్పుడు పీట్ కింగ్ రెండు యూనియన్ల చుట్టూ తిరిగి ఒక బేరం కుదిర్చాడు. అమెరికా నుంచి టెనర్ వాద్యకారుడు జూట్ సిమ్స్ లండన్ వచ్చి స్కాట్స్ క్లబ్‌లో వాయిస్తాడు, బదులుగా హేయ్స్ న్యూయార్క్ వెళ్లి హాఫ్ నోట్ క్లబ్‌లో వాయిస్తాడు. అంటే అమెరికా పంపిన టెనర్‌కు బదులుగా లండన్ ఎంచి పంపిన మనిషి హేయ్స్! ఆ 1961 అక్టోబర్‌లోనే న్యూయార్క్‌లో క్లార్క్ టెర్రీ, హోరేస్ పార్లన్ లాంటివాళ్లతో ‘టబ్స్ ఇన్ ఎన్.వై.’ రికార్డు చేశాడు. 1962 జూన్‌లో మళ్లీ వెళ్లి రోలండ్ కర్క్, జేమ్స్ మూడీలతో ‘రిటర్న్ విజిట్’ చేశాడు. మూడీకి వేరే కంపెనీతో కాంట్రాక్ట్ ఉండటంతో ఆయన పేరు మార్చి ‘జిమ్మీ గ్లూమీ’ అని వేశారు, ఇలాంటి చిలిపి పనులు ఆ రోజుల్లో మామూలే.

తేదీలు చూడండి. మన లైవ్ రికార్డు మే 1962. మొదటి న్యూయార్క్ ప్రయాణానికీ రెండోదానికీ మధ్యలో పడింది. అమెరికావాళ్ల పక్కన నిలబడి తగ్గకుండా వాయించి వచ్చిన మనిషి, ఇంటికొచ్చి తనవాళ్ల ముందు వాయిస్తున్నాడు. ఆ రికార్డులో వినిపించే నమ్మకం అక్కడి నుంచి వచ్చిందనే నేను అనుకుంటాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1964 ఫిబ్రవరిలో అమెరికా జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ ఆర్కెస్ట్రా లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో వాయించాల్సి ఉంది, టెనర్ వాద్యకారుడు పాల్ గొన్సాల్వెస్ స్టేజీ ఎక్కే స్థితిలో లేడు. రిహార్సల్ లేకుండా హేయ్స్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఎలింగ్టన్ సంగీతాన్ని కాగితాలు చూసి వాయించడం అంత తేలిక కాదు, ఆ ఆర్కెస్ట్రాలో సగం సంగతులు కాగితం మీద ఉండవు, ఏళ్ల తరబడి కలిసి వాయించినవాళ్ల అలవాట్లలో ఉంటాయి. ఆయన గట్టెక్కాడు, గట్టెక్కడమేమిటి, మెప్పించాడు. తర్వాత గొన్సాల్వెస్‌తో కలిసి రికార్డులూ చేశాడు.

అయినా పేరు ఎందుకు నిలవలేదంటే, కాలం. 1962 అక్టోబర్‌లో బీటిల్స్ మొదటి రికార్డు వచ్చింది, అంటే స్కాట్స్‌లో ఆ రెండు రాత్రుల తర్వాత ఐదు నెలలకు. రెండు మూడేళ్లలో జాజ్ వాయించే క్లబ్బులు చాలా వరకు గిటార్ బ్యాండ్లకు, రిథమ్ అండ్ బ్లూస్‌కు మారిపోయాయి. కుర్రాళ్లు అటు పోయారు. రికార్డు కంపెనీలూ అటే. న్యూయార్క్‌లోనే జాజ్‌వాళ్లకు పని తగ్గుతుంటే లండన్‌లో ఎవరు పట్టించుకుంటారు?

ప్రశ్న: ముప్ఫై ఎనిమిదేళ్లకే పోయాడని చదివాను. డ్రగ్సేనా కారణం? ఈ సంగీతకారులందరూ ఇంతేనా? – నెల్లూరు పాఠకుడు

హెరాయిన్ అలవాటు ఉంది, దాచాల్సిన పని లేదు. తాగుడూ ఉంది. కానీ ఆయన్ని తీసుకుపోయింది గుండె జబ్బు. 1971లో గుండెకు పెద్ద ఆపరేషన్ అయింది. కోలుకుని మళ్లీ వాయించడం మొదలుపెట్టాడు. 1973 జూన్ 8న లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో రెండో ఆపరేషన్ జరుగుతుండగా చనిపోయాడు.

‘అందరూ ఇంతేనా’ అన్నారు, ఆ మాట నాకు నచ్చలేదు. ఇదే బ్యాండ్లో పియానో వాయించిన గోర్డన్ బెక్ డెబ్బై దాటేదాకా బతికాడు, గాన్లీ కూడా డెబ్బై దాటాడు. ఒక తరం వాద్యకారులు పార్కర్ సంగీతంతో పాటు పార్కర్ అలవాట్లు కూడా తెచ్చుకున్నారు, అవి లేకపోతే ఆ సంగీతం రాదేమోనన్న పిచ్చి నమ్మకం ఆ రోజుల్లో నిజంగానే ఉండేది. హేయ్స్ పదిహేనేళ్లకే పెద్దవాళ్ల మధ్య, రాత్రిళ్లు క్లబ్బుల్లో, ఊరూరా తిరుగుతూ పెరిగాడు. అలా పెరిగిన పిల్లాడికి వద్దని చెప్పేవాళ్లు ఎవరుంటారు?

ప్రశ్న: మాకు సాక్సోఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ గారే. ఆయన వాయించిందీ ఇదీ ఒకటేనా? ఇంగ్లండ్ జాజ్‌కీ మన సంగీతానికీ ఏమైనా సంబంధం ఉందా? – తిరుపతి పాఠకుడు

గోపాల్‌నాథ్ గారిది ఆల్టో, హేయ్స్‌ది టెనర్. టెనర్ పెద్దది, శబ్దం లోతుగా ఉంటుంది. గమకాల కోసం గోపాల్‌నాథ్ గారు తన వాయిద్యంలో కొన్ని మార్పులు చేసుకున్నారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీ ప్రామ్స్ అనే సంగీతోత్సవంలో వాయించారు. త్యాగయ్య గారి తెలుగు కృతులను బెల్జియంవాడు కనిపెట్టిన వాయిద్యం మీద వినడానికి మనం ఇంతగా అలవాటుపడ్డామంటే అది ఆయన పుణ్యమే.

రెండో దానికి, హేయ్స్‌కు మన సంగీతంతో నేరుగా సంబంధం ఉందని చెప్పను. పైన చెప్పిన జో హారియట్‌కు ఉంది. కలకత్తాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన వయొలిన్ వాద్యకారుడు, స్వరకర్త జాన్ మేయర్‌తో కలిసి ‘ఇండో-జాజ్ సూట్’ అని చేశాడు, 1966లో వచ్చింది. సితార్, తబలా, తంబురా ఒకవైపు, జాజ్ బ్యాండ్ ఒకవైపు. అందులో కొన్నిచోట్ల రెండూ పక్కపక్కన కూర్చున్నట్టే ఉంటాయి తప్ప కలవవు, కలిసిన చోట మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. హారియట్ కూడా 1973 జనవరిలో పోయాడు, హేయ్స్ కంటే ఐదు నెలల ముందు. ఆ ఏడాది బ్రిటిష్ జాజ్‌కు మంచిది కాదు.

ప్రశ్న: పాత ఎల్పీలు కొనే అలవాటుంది. హేయ్స్ ఒరిజినల్స్ ఎక్కడ దొరుకుతాయి, ఎంతలో వస్తాయి? – సికింద్రాబాద్ పాఠకుడు

జేబు గట్టిగా పట్టుకోండి. 1950ల చివర్లో ఆయన టెంపో అనే లేబుల్‌కు చేశాడు, జాజ్ కొరియర్స్ కూడా అక్కడే. డెక్కా కింద నడిచిన చిన్న లేబుల్ అది, కాపీలు తక్కువ వేశారు. మంచి స్థితిలో ఉన్న టెంపో ఎల్పీలు వెయ్యి పౌండ్లు దాటి అమ్ముడుపోయిన సందర్భాలున్నాయి. ఒరిజినల్ కాగితపు అట్ట చూసి మురిసిపోవడానికి లక్ష రూపాయలు పెట్టాలా అన్నది మీ ఇంట్లోవాళ్లతో తేల్చుకోండి. రీఇష్యూలు బాగున్నాయి, ఆన్‌లైన్‌లో వినడానికీ ఉన్నాయి.

కొనేట్టయితే 2019లో వచ్చిన ‘గ్రిట్స్, బీన్స్ అండ్ గ్రీన్స్’ కొనండి. 1969లో ఫాంటానాకు చేసిన స్టూడియో రికార్డింగ్ అది, యాభై ఏళ్లు బయటికి రాలేదు. కంపెనీ దాన్ని పక్కనపెట్టి, అదే కాలంలో పాప్ పాటలతో ఆయన చేసిన ఆర్కెస్ట్రా ఆల్బమ్‌ని విడుదల చేసింది. అమ్ముడుపోతుందని వాళ్ల ఆశ. ఆ రెండూ పక్కపక్కన పెట్టి వింటే నాకు కంపెనీ మీద ఇప్పటికీ కోపం వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు, వేసవిలో వెళ్తున్నాం. ఆ క్లబ్ చూడొచ్చా? – అనంతపురం దంపతులు

క్లబ్ ఉంది, ఆ నేలమాళిగలో లేదు. 1965లో ఫ్రిత్ స్ట్రీట్‌కు మారింది, ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. రోనీ స్కాట్ 1996లో పోయాడు. పాత చోటు ఇప్పటి చైనాటౌన్‌లో ఉంది. అక్కడి నుంచి ఫ్రిత్ స్ట్రీట్‌కు నడిచే వెళ్లిపోవచ్చు. టికెట్ ముందే బుక్ చేయమని అబ్బాయికి చెప్పండి, వెళ్లాక చూద్దాంలే అంటే ఫుల్ అయిపోతుంది.

ప్రశ్న: లైవ్ రికార్డు విన్నాను, నచ్చింది. తర్వాత ఏం వినాలి? – బెంగళూరులో ఉంటున్న తెలుగు పాఠకురాలు

వెనక్కి వెళ్లాలనుంటే ‘ది జాజ్ కొరియర్స్ ఇన్ కాన్సర్ట్’. 1958 ఫిబ్రవరిలో అమెరికా పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ పర్యటనలో ముందు వాయించే బ్యాండ్‌గా డొమినియన్ థియేటర్‌లో వాయించినప్పటిది. రెండు టెనర్లు ఒకే ఊపిరితో వాయించినట్టుంటుంది. అదీ లైవే, కానీ పెద్ద థియేటర్, ప్రధాన బ్యాండ్ కోసం వచ్చిన జనం. అలాంటి చోట మొదటి పాటతోనే పట్టుకోవాలి, వీళ్లు పట్టుకున్నారు.

ముందుకు వెళ్లాలనుంటే ‘మెక్సికన్ గ్రీన్’. 1967లో మిక్ పైన్, రాన్ మ్యాథ్యూసన్, టోనీ లెవిన్‌లతో చేసిన స్టూడియో రికార్డు. అప్పటికి అమెరికా సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ వచ్చి అందరి చెవులూ మార్చేశాడు, హేయ్స్‌వి కూడా. చాలామంది విమర్శకులు ఆయన ఉత్తమ రికార్డు ఇదే అంటారు. నేను కాదనను గానీ, 1962 నాటి బ్యాండ్ దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్తుంటాను. టైటిల్ ట్యూన్ మాత్రం చాలా పొడవు, ఓపిగ్గా వినండి, మొదటిసారి అర్థం కాకపోతే కంగారుపడకండి.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. మీ వ్యాసం చదివి సాక్సోఫోన్ కొనమని ప్రాణం తీస్తున్నాడు. నేర్పించొచ్చా? – నిజామాబాద్ నుంచి ఒక తల్లి

నిక్షేపంగా నేర్పించొచ్చు అమ్మా, వయసు కూడా సరిగ్గా సరిపోతుంది. హేయ్స్‌లా టెనరే కావాలంటాడు, వినకండి. బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. ఆల్టోతో మొదలుపెడితే వేళ్ల పద్ధతి ఒకటే కాబట్టి తర్వాత టెనర్‌కు మారడం కష్టం కాదు. కొనే ముందు నేర్పే మాస్టారు దొరుకుతారో లేదో చూసుకోండి, చర్చి బ్యాండ్లలో, పెళ్లి బ్యాండ్లలో వాయించేవాళ్లలో మంచి విద్వాంసులుంటారు. వాళ్లను అడిగితే సెకండ్‌హ్యాండ్‌ది ఎక్కడ దొరుకుతుందో కూడా చెబుతారు. రీడ్ (ఊదేచోట బిగించే పలచని పట్టీ) మెత్తటిది, నంబర్ ఒకటిన్నర లేదా రెండు తీసుకోండి. బాక్స్‌గా కొనండి, మొదటి నెలలో సగం విరగ్గొడతాడు. పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.